శుద్ధమ్మ ఉప్పునీళ్ల తొట్టె

ఆస్పత్రిలో డయాలిసిస్ విభాగం వాళ్లు ఆమెను ఎదురుగా మేడమ్ అనీ, అటు తిరగ్గానే శుద్ధమ్మ అనీ పిలిచేవారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసీ ఊరుకునేది, ఎందుకంటే ఆ పేరు ఆమెకు లోలోపల నచ్చింది. కిడ్నీలు పనిచేయని మనుషుల రక్తం యంత్రంలోకి వెళ్లి, శుభ్రపడి, మళ్లీ ఒంట్లోకి వచ్చే చోట శుద్ధి అన్న మాట వెక్కిరింత ఎలా అవుతుంది? ఆ యంత్రాలనూ వాటిలోకి వెళ్లే నీళ్లనూ శుభ్రంగా ఉంచే టెక్నీషియన్ ఆమె. పదహారేళ్లుగా ఆమె చేతికింద ఉన్న తొమ్మిది యంత్రాల వల్ల ఏ ఒక్క రోగికీ జ్వరం రాలేదు. డాక్టర్లు కూడా ఆ గదిలోకి వచ్చేముందు తమ చెప్పులవైపు ఒకసారి చూసుకునేవారు.

చిక్కల్లా ఏమిటంటే, ఆ గదికి తాళం వేసి ఇంటికొచ్చాక కూడా ఆమె ఆ గదిలోనే ఉండేది.

ఆమెది మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. గడప పక్కన ఒక బకెట్టు, మగ్గు, సబ్బు. ఎవరొచ్చినా కాళ్లూ చేతులూ కడుక్కున్నాకే లోపలికి రావాలి. సోఫా కొన్నప్పటి ప్లాస్టిక్ కవరు ఏడేళ్లయినా తియ్యలేదు. దానిమీద కూర్చున్నవాళ్లు లేచేటప్పుడు చర్రుమని చప్పుడు. పక్కింటావిడ మొదట్లో రెండుసార్లు వచ్చింది. రెండోసారి గుమ్మం దాటి వెనక్కి తిరిగి చూస్తే, తను కూర్చున్న చోటును శుద్ధమ్మ గుడ్డపెట్టి తుడుస్తోంది. మూడోసారి రాలేదు. అలా ఒక్కొక్కళ్లే తగ్గిపోయారు. ఎవరూ పోట్లాడి వెళ్లలేదు, అదే వచ్చిన తంటా. పోట్లాడి వెళ్లినవాళ్లతో ఎప్పుడో ఒకప్పుడు రాజీ పడొచ్చు. చేతులు కడిగి కడిగి విసిగి మానేసినవాళ్లను ఏమని పిలుస్తాం?

పెళ్లి ఊసు ఆమె ఎవర్నీ ఎత్తనివ్వలేదు, నలభై దాటాక ఎత్తేవాళ్లూ లేకపోయారు. మిగిలింది చెల్లెలి కూతురు ఒక్కతే. పాప పుట్టినప్పుడు చెల్లెలికంటే ముందు ఎత్తుకున్నది శుద్ధమ్మే. మాటలొచ్చిన దగ్గర్నుంచీ పాప ప్రతి సెలవులకీ వచ్చి నాలుగు రోజులుండేది. "పెద్దమ్మా, పెద్దమ్మా" అంటూ చీరకొంగు పట్టుకుని రెండు గదుల్లోనూ రైలుబండిలా తిరిగేది. ఆ నాలుగు రోజులూ బకెట్టు దగ్గర గొడవలుండేవి, గిలిగింతలుండేవి, ఇంట్లో ఒక మనిషి గొంతు వినపడేది. మళ్లీ సెలవులొచ్చేదాకా శుద్ధమ్మ ఆ నాలుగు రోజుల్ని నెమరేసుకుంటూ బతికేసేది. ఆమె ఒప్పుకోదు గానీ, సంగతి అంతే.

పది నెలల కిందట పాప అలాగే వచ్చింది. రెండోరోజుకే జలుబు. శుద్ధమ్మ మూతికి మాస్కు కట్టి, చేతులకు తొడుగులు వేసుకుని మందు పట్టింది. పాపకు వేరే గదిలో పక్క వేసింది. పక్కన పడుకోమని అడిగితే, తగ్గాక అంది. అంతవరకూ పాప ఓర్చుకుంది. ఆ మర్నాడు పాప నిద్రపోతున్నప్పుడు దాని చంకలోంచి జారిన గుడ్డ పిల్లిబొమ్మ శుద్ధమ్మ కంటపడింది. పుట్టినప్పట్నుంచీ ఉన్న బొమ్మ అది. పాలు, చొంగ, చీమిడి, ఏడుపులు అన్నీ పీల్చుకుని నల్లగా జిడ్డోడుతూ ఉంది. శుద్ధమ్మకు ఒళ్లు జలదరించింది. తీసుకెళ్లి బ్లీచింగ్ నీళ్లలో నానేసి, మరిగే నీళ్లలో ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, పాప లేచేసరికి తలగడ పక్కన పెట్టింది. బొమ్మ తెల్లగా మెరిసిపోతోంది. దారంతో కుట్టిన కళ్లు, మీసాలు ఆ తెలుపులో కలిసిపోయి కనపడకుండా పోయాయి. పాప దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. వాసన చూసింది. మళ్లీ చూసింది.

"ఇది నాది కాదు" అంది.

"నీదేనే పిచ్చిదానా! కడిగిన ముత్యంలా ఉంది చూడు."

"కాదు. దాన్ని చంపేశావు" అని పాప గుక్కపట్టింది. సాయంత్రానికల్లా చెల్లెలు వచ్చి తీసుకెళ్లిపోయింది. ఆ తర్వాత రెండుసార్లు సెలవులొచ్చాయి. పాప రాలేదు. ఫోనిస్తే "ఊ" అనేది. ఎలా ఉన్నావంటే ఊ, తిన్నావా అంటే ఊ. పది నెలలు శుద్ధమ్మ ఆ ఊలతోనే సరిపెట్టుకుంది.

అలాంటిది ఒకరోజు పాప ఉన్నట్టుండి ఫోన్లో గలగలా మాట్లాడింది. బళ్లో టీచరు సముద్రం గురించి చెప్పిందట. "పెద్దమ్మా, ఒక రొయ్య ఉంటుందంట, దానికి కళ్లు సరిగ్గా కనపడవంట. అది ఇసకలో ఇల్లు తవ్వుతుందంట. ఒక చేపొచ్చి అందులో ఉంటుందంట, అద్దె ఇవ్వదంట. కానీ కాపలా కాస్తుందంట. రొయ్య బయటికొచ్చినప్పుడల్లా మీసం చేప మీద ఆనించే ఉంచుతుందంట. ఎవరైనా వస్తే చేప తోక ఆడిస్తుందంట, ఇద్దరూ లోపలికి తుర్రుమంటారంట!"

చెప్పడం అయిపోగానే ఎవరితో మాట్లాడుతోందో గుర్తొచ్చినట్టు పాప ఆగిపోయింది. మళ్లీ ఊ. కానీ శుద్ధమ్మకు ఆ కాస్త చాలు. వెంటనే చెల్లెలితో అంది: "ఎనిమిది వారాల్లో సెలవులు కదా. ఆ చేపా ఆ రొయ్యా మా ఇంట్లో ఉంటాయని చెప్పు. చూడ్డానికి రమ్మను."

"నువ్వు చేపలు పెంచుతావా అక్కా?" అంది చెల్లెలు. ఆ గొంతులో నవ్వుందో జాలుందో శుద్ధమ్మకు అర్థం కాలేదు. "సరే, చెప్పి చూస్తాను. బట్టలు సర్దుకునే తీసుకొస్తా. దానికి ఉండాలనిపిస్తే రెండ్రోజులుంటుంది. బలవంతం మాత్రం చెయ్యను."

మర్నాడే శుద్ధమ్మ చేపల దుకాణానికి వెళ్లింది. ఇరుకు సందులో పొడుగ్గా సొరంగంలా ఉందది. నేలంతా తడి. దుకాణదారు తొట్టెలో మోచేతిదాకా చెయ్యి పెట్టి, తీసి, ఆ చెయ్యి ప్యాంటుకే తుడుచుకుని "చెప్పండమ్మా" అన్నాడు. శుద్ధమ్మ రెండడుగులు వెనక్కేసి, పాప చెప్పిన చేపా రొయ్యా కావాలంది.

"మంచినీళ్ల చేపలు ఎప్పుడైనా పెంచారా?"

"లేదండి."

"ఏకంగా సముద్రమేనా!"

"నీళ్ల సంగతి నాకు వదిలెయ్యండి. నీళ్లే నా ఉద్యోగం" అంది శుద్ధమ్మ.

అది నిజం. ఉప్పు ఎంత కలపాలో, వేడి ఎంత ఉండాలో, కుళాయి నీళ్లలో క్లోరిన్ ఎలా తీసెయ్యాలో ఆమె చెబుతుంటే చేపలాయన పని ఆపి విన్నాడు. తొట్టె, హీటరు, నీళ్లను కదిలించే పంపు, ఉప్పు సంచీ, రంగులు మారే పరీక్ష సీసాలు అన్నీ సర్దాడు. చివర్లో ఒక తడి గోనెపట్టాలో చుట్టి గోధుమరంగు రాళ్లు తెచ్చి బల్లమీద పెట్టాడు. వాటికి నాచు, జిగట, ఒకరకం వాసన.

"ఇవి బతికున్న రాళ్లమ్మా. చూడ్డానికి రాళ్లే. వీటి బొక్కల్లో కంటికి కనపడని క్రిములు కోట్లుంటాయి. చేప వదిలే మురికిని తినేసేవి అవే. అవి లేకపోతే చేప తన మురికిలో తనే చచ్చిపోతుంది. వీటిని తొట్టెలో పెట్టండి. ఓ పచ్చి రొయ్య ముక్క పడేసి కుళ్లనివ్వండి. నెల, నెలన్నర పడుతుంది. నీళ్లలో మురికి పెరిగితే మొదటి సీసాలో ఆకుపచ్చ రంగొస్తుంది, క్రిములు దాన్ని తినడం మొదలెట్టాక రెండో సీసాలో ఊదా రంగొస్తుంది, ఆ రెండూ పోయాక నా దగ్గరికి రండి. ఈలోగా మీరేం చెయ్యకండి. ఏం చెయ్యకపోవడమే ఇందులో పని."

శుద్ధమ్మ అంతా శ్రద్ధగా వింది, కాగితం మీద రాసుకుంది కూడా. కానీ చెవి విన్నదంతా చెయ్యి వినాలని ఎక్కడుంది?

ఇంటికొచ్చి గోనెపట్టా విప్పింది. రాయి సందులోంచి ఎర్రగా సన్నగా ఒక పురుగు తల బయటపెట్టి, ఈ కొత్త ఇల్లు ఎలా ఉందో చూసింది. అంతే. అరగంటలో రాళ్లన్నీ బ్లీచింగ్ నీళ్లలో ఉన్నాయి. మర్నాడు వాటిని బ్రష్షుతో తోమింది, సందుల్లో పుల్లపెట్టి గీకింది, శుద్ధిచేసిన నీళ్లలో ఏడుసార్లు జాడించింది. క్లోరిన్ ఏమాత్రమైనా మిగిలిందేమోనని యంత్రాలకు వాడే పరీక్ష కాగితం ముంచి చూసింది. సున్నా. మంచి క్రిములు ఎలాగూ తర్వాత వస్తాయి, ముందు శుభ్రమైన చోటంటూ ఉండాలి కదా అనుకుంది. ఆమె ఉద్యోగంలో ఆలోచన ఎప్పుడూ అలాగే నడుస్తుంది. ఆ ఆలోచనతోనే మనుషులు బతుకుతున్నారు కాబట్టి దాన్ని తప్పు పట్టడానికీ లేదు.

తొట్టె నింపి పంపు పెట్టింది. గుడగుడమని సన్నటి చప్పుడు మొదలైంది. శుద్ధమ్మ వంటింట్లోకి వెళ్లి ఏదో చెయ్యబోయి ఆగింది. ఇంట్లో తను కాక ఇంకేదో చప్పుడు చేస్తోంది. పది నెలల్లో మొదటిసారి. కంచం తెచ్చుకుని తొట్టె ఎదురుగా కూర్చుని తింది. లోపల తెల్లటి ఇసక, తెల్లటి రాళ్లు, అద్దంలాంటి నీళ్లు, ఇంకేమీ లేదు. అయినా ఎదురుగా కూర్చోవడానికి ఒకటంటూ దొరికింది.

ఇక రొయ్య ముక్క. జాలీ సంచిలో వేసి నీళ్లలో వేలాడదీసింది. మొదటిరోజు బాగానే గడిచింది. రెండోరోజు సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి తలుపు తీస్తే గదిలో వాసన. ముక్క చుట్టూ తెల్లగా బూజులాంటిది. శుద్ధమ్మ ముక్కు మూసుకుని దాన్ని తీసి పారేసింది. అక్కడితో ఆగిందా? నీళ్లన్నీ తోడేసి, తొట్టె అద్దాలు బ్లీచింగుతో కడిగి, రాళ్లు మళ్లీ జాడించి, కొత్తగా ఉప్పు కలిపి పోసింది. ఆ తర్వాతి ఆదివారం మళ్లీ రొయ్య ముక్క, మళ్లీ వాసన, మళ్లీ కడుగుడు. పరీక్ష సీసాలో ఆకుపచ్చ రంగు కాస్త తొంగిచూసేది, ఈమె నీళ్లు మార్చగానే పోయేది. ఊదా రంగు జాడే లేదు.

"వచ్చిందామ్మా ఊదా?" అని చేపలాయన ఫోన్లో అడిగేవాడు.

"రాలేదండి. మీ సీసాలు పాడైనట్టున్నాయి."

"సీసాలకేం కాదు గానీ, మీరేం చెయ్యట్లేదు కదా?"

"ఏమీ చెయ్యట్లేదు. శుభ్రంగా ఉంచుతున్నానంతే" అనేది శుద్ధమ్మ.

వారాలు గడుస్తుంటే ఆమెకు లోపల భయం పట్టుకుంది. ఆస్పత్రిలో యంత్రం పక్కన నిలబడి, రోగి నిద్రపోతుంటే, మనసులో రోజులు లెక్కపెట్టుకునేది. చేప లేకపోతే పాప రాదు. పాప ఈసారి రాకపోతే ఇంకెప్పుడూ రాదు. ఏడేళ్ల పిల్లలు ఇట్టే పెద్దయిపోతారు. ఇంకో రెండేళ్లకు పెద్దమ్మ అంటే పెళ్లిళ్లలో దూరంగా కనపడే ఒకావిడ అయిపోతుంది. ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా శుద్ధమ్మ చెయ్యి ఊరుకోక, అప్పటికే శుభ్రంగా ఉన్న యంత్రాన్ని మళ్లీ తుడిచేది. ఇంటికొచ్చాక ఖాళీ నీళ్లతో చెప్పుకునేది: "మీరైనా కాస్త కరుణించండి."

అయిదో వారం దాటుతుండగా దుకాణానికి వెళ్లి, ఫోన్లో తీసిన ఫోటో చూపించింది. చేపలాయన కళ్లజోడు పైకి తోసి చూశాడు. ఫోను కాస్త దగ్గరికి పెట్టుకున్నాడు.

"ఈ తెల్లగా ఉన్నవేంటమ్మా?"

"మీరిచ్చిన రాళ్లే."

"నేనిచ్చినవా! నేనిచ్చినవి గోధుమరంగు కదా?"

శుద్ధమ్మ ఏం చేసిందో పూసగుచ్చినట్టు చెప్పింది. బ్లీచింగ్ ఎంత పాళ్లలో కలిపిందీ, ఎన్నిసార్లు జాడించిందీ కాస్త గర్వంగానే చెప్పింది. చేపలాయన నవ్వడం మొదలుపెట్టాడు. పొట్ట పట్టుకుని, కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. ఆమె మొహం చూశాక నవ్వు ఆపాడు.

"రాళ్లను చంపేశారు కదమ్మా" అన్నాడు నెమ్మదిగా.

శుద్ధమ్మ పక్కన బోర్లించి ఉన్న బకెట్టు మీద కూలబడింది. అది తడిగా ఉందో జిగటగా ఉందో ఆమె చూడలేదు. ఆమె చెవుల్లో చేపలాయన గొంతు కాదు, పాప గొంతు వినపడుతోంది. అదే మాట.

"పదహారేళ్లలో నా దగ్గర ఒక్కళ్లకు కూడా ఇన్ఫెక్షన్ రాలేదండి" అంది. ఎందుకందో ఆమెకే తెలీదు.

"రోగులకైతే అలాగే ఉండాలమ్మా, నేను కాదనను. మీ దగ్గరికొచ్చే మనిషి నాలుగు గంటలుండి ఇంటికెళ్లిపోతాడు. చేప అలా కాదు కదా. దానికి అదే ఇల్లు. అక్కడే తినాలి, అక్కడే పడుకోవాలి, అక్కడే దొడ్డికెళ్లాలి. ఆస్పత్రిలో కాపురం ఎవరు చెయ్యగలరు చెప్పండి?"

ఆయన మాటలు చేపల గురించే. కానీ సోఫా మీది ప్లాస్టిక్ కవరు ఎందుకో ఆమె కళ్లముందుకొచ్చింది, దానిమీద ఒక్కొక్కళ్లే కూర్చోవడం మానేసిన ఏడేళ్లూ దాని వెనకాలే వచ్చాయి.

"ఇంకా మూడు వారాలుంది. ఏదైనా చెయ్యండి" అని మాత్రం అంది.

చేపలాయన దుకాణం చివర్న ఉన్న తన పాత తొట్టె దగ్గరికి తీసుకెళ్లాడు. పదేళ్లుగా ఖాళీ చెయ్యనిదట. అద్దాలకు నాచు, మూలల్లో మడ్డి, రాళ్లమీద ఏవేవో పాకుతున్నాయి, చేపలు మాత్రం హాయిగా తిరుగుతున్నాయి. అందులోంచి నాలుగు రాళ్లు తీసి బకెట్టులో వేశాడు. వడపోసే స్పాంజి తీసి ఆ బకెట్టులోకే పిండాడు. చిక్కటి టీ లాంటి నీళ్లు కారాయి. "పాలు పెరుగవ్వాలంటే పాత పెరుగు చుక్క పడాలి కదా, అలాంటిదే ఇది. ఇదంతా తీసుకెళ్లి పోసెయ్యండి. దేవుడి మీద భారం వెయ్యండి. ఆ చేతులు మాత్రం కట్టేసుకోండి."

ఆ బకెట్టు ఒళ్లో పెట్టుకుని శుద్ధమ్మ బస్సులో కూర్చుంది. కంపు గుప్పున కొడుతోంది. పక్కనున్నాయన ముందు ముక్కు చిట్లించాడు, తర్వాత కిటికీ తీశాడు, చివరికి లేచి వెనక సీటుకు వెళ్లిపోయాడు. తనను చూసి ఒక మనిషి మురికని లేచి వెళ్లిపోవడం శుద్ధమ్మ జీవితంలో అదే మొదలు. మొహం వేడెక్కింది. ఎన్నిసార్లు తను ఇలా లేచి వెళ్లిపోయిందో గుర్తుకొచ్చి తల దించుకుంది.

ఆ తర్వాతి మూడు వారాలూ ఆమె పడ్డ యాతన అంతా ఇంతా కాదు. వారానికల్లా ఇసక మీద, అద్దం మీద గోధుమరంగు పొర పట్టింది. అది మంచి గుర్తే, ముట్టుకోకండన్నాడు చేపలాయన. తుడిచే గుడ్డను తీసుకెళ్లి ఆయన దుకాణంలో ఇచ్చేసినంత పని చేసింది. కూర్చున్నప్పుడు చేతులు తొడల కింద పెట్టుకునేది. రాయి సందులోంచి పురుగు తల బయటపెడితే, "నీ ఇల్లే, ఉండు" అని పళ్లు బిగబట్టి అనేది. పదకొండో రోజు ఉదయం డ్యూటీకి వెళ్లేముందు రెండో సీసాలో ఊదా రంగు వచ్చింది. చిక్కటి ఊదా. శుద్ధమ్మ ఆ సీసాను వెలుతురుకు పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. పద్దెనిమిదో రోజుకు ఆ రంగూ పోయింది. నీళ్లు సిద్ధం.

శుక్రవారం చేపా రొయ్యా వచ్చాయి. చేప వేలెడంత, పసుపుపచ్చగా, మొహంలో సదా ఒక కంగారు. రొయ్య రెండంగుళాలు లేదు గానీ, దిగగానే మేస్త్రీలా పనిలో పడింది. ఇసకంతా తవ్వి అద్దం మీదికి కుప్ప పోసింది, శుద్ధమ్మ చదునుగా సర్దిన నేలను చిందరవందర చేసిపారేసింది. శనివారం మధ్యాహ్నానికి చేప ఆ బొరియ గుమ్మంలో నిలబడి ఉంది. రొయ్య మీసం దాని తోకకు ఆనించి ఇసక మోస్తోంది. అచ్చం పాప చెప్పినట్టే. శుద్ధమ్మ నేలమీద మోకాళ్ల మీద కూర్చుని గంటసేపు చూసింది. ఇంత సంతోషం చెప్పుకోవడానికి పక్కన ఒక్క మనిషి లేకపోవడం ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. రేపు పాప వస్తుంది కదా అని సర్దిచెప్పుకుంది.

ఆదివారం పొద్దున లేచి గడప పక్కనున్న బకెట్టు, మగ్గు, సబ్బు తీసి లోపల దాచింది. సోఫా మీది ప్లాస్టిక్ కవరు చించి తీసేసింది. పదకొండింటికి తలుపు చప్పుడైంది.

చెల్లెలి చేతిలో బట్టల సంచి ఉంది. శుద్ధమ్మ ముందు దాన్ని చూసి, తర్వాత పాపను చూసింది. ఎంత పొడుగైంది! ముందు పళ్లు రెండు ఊడి మళ్లీ వస్తున్నాయి. పాప గడప పక్కన చూసింది. బకెట్టు లేకపోయేసరికి కంగారుపడి, రెండు చేతులూ చాపి, అటూ ఇటూ తిప్పి చూపించింది.

"ఇంటి దగ్గరే కడుక్కున్నాను పెద్దమ్మా. రెండుసార్లు, సబ్బుతో" అంది. తర్వాత ఆ చేతుల్ని వీపు వెనక్కి పెట్టేసుకుంది.

"అక్కర్లేదమ్మా, రా, ఎలా ఉన్నా ఫరవాలేదు" అంది శుద్ధమ్మ. చెల్లెలు చూపు తిప్పుకుంది.

పాప లోపలికి వచ్చింది. సోఫాకు కవరు లేకపోవడం చూసి కూర్చోలేదు, మాసిపోతుందని. తొట్టెకు నాలుగడుగుల దూరంలో, చేతులు వెనక్కి పెట్టుకుని, బళ్లో పెద్ద టీచరు ముందు నిలబడ్డట్టు నిలబడింది.

"చూశావా, నువ్వు చెప్పిన చేప! అదిగో రొయ్య, ఇసక మోస్తోంది, మీసం చూడు" అంది శుద్ధమ్మ.

"చాలా బాగుంది పెద్దమ్మా."

"అక్కణ్నుంచి ఏం కనపడుతుందే? దగ్గరికి రా. అద్దానికి ముక్కు ఆనించి చూడు."

"వద్దు పెద్దమ్మా, మరకలవుతాయి. ఇక్కణ్నుంచి బాగానే కనపడుతోంది."

అక్కణ్నుంచి రొయ్య మీసం కనపడదని ఇద్దరికీ తెలుసు. అవన్నీ శుద్ధమ్మ నేర్పిన మాటలే. పిల్ల చక్కగా నేర్చుకుంది.

బిస్కట్లు పెట్టింది. పాప గడ్డం కింద అరచెయ్యి పట్టుకుని తింది. అరచేతిలో పడ్డ పొడిని నేలమీద దులపకుండా, గౌను జేబులో వేసుకుంది. ఎవరో పరాయివాళ్లింటికి వచ్చిన పిల్లలా బుద్ధిగా ఉంది. ఏడవలేదు, అలగలేదు. అలిగినా బాగుండేది, బుజ్జగించేది. ముప్పావుగంట కాగానే తల్లి చెవిలో ఏదో చెప్పింది.

"రేపు దానికి ఏదో పనుందట అక్కా" అంది చెల్లెలు, అబద్ధం చెప్పడం చేతకాక. బట్టల సంచి విప్పనేలేదు, ఎలా వచ్చిందో అలాగే మెట్లు దిగి వెళ్లిపోయింది.

శుద్ధమ్మ తలుపు వేసి, అలవాటు కొద్దీ గుడ్డ అందుకుంది. ఎవరొచ్చి వెళ్లినా వెనకాలే తుడవడం ఆమె చేతికి తెలిసిన పని. తొట్టె దగ్గరికెళ్లి, కిటికీ వెలుతురులో అద్దాన్ని ఓరగా చూసింది. వేలిముద్రల కోసం చూసింది. ఏడేళ్ల పిల్ల ముక్కు ఆనే ఎత్తులో వంగి చూసింది. రెండోవైపుకు వెళ్లి చూసింది. సోఫా చూసింది, తలుపు అంచు చూసింది. ఎక్కడా ఏమీ లేదు. పిల్ల ఈ ఇంట్లోకి వచ్చి వెళ్లినట్టు ఒక్క ఆనవాలు లేదు. తుడవడానికి ఏమీ లేక, గుడ్డ పట్టుకుని గది మధ్యలో నిలబడి శుద్ధమ్మ పెద్దగా ఏడ్చింది. ఎవరైనా వింటారేమోనని చూసుకోలేదు. వినేవాళ్లు మాత్రం ఎవరున్నారు?

ఏడుపు తగ్గాక చెల్లెలికి ఫోను చేసింది. బస్సులో ఉన్నారు, హారను మోత.

"పాపకివ్వు" అంది.

"ఊ" అంది పాప.

"పాపా, నిన్నడక్కుండా నీ బొమ్మని ఉడకబెట్టాను. మంచి చేస్తున్నాననుకున్నాను. తప్పు నాది."

"ఊ."

ఇక చెప్పడానికి ఏమీ లేదు. ఫోను పెట్టెయ్యబోయింది. పెట్టేస్తే మళ్లీ పది నెలలు. ఇంకేం చూపించి పిలవగలదు ఆ పిల్లని? పిలవడానికి ఏమీ లేనప్పుడు మనిషి తనే వెళ్లాలి కాబోలు.

"వచ్చే ఆదివారం నేనే మీ ఇంటికి రానా?" అంది.

చెల్లెలి పెళ్లయి తొమ్మిదేళ్లు. ఆ ఇంటికి శుద్ధమ్మ వెళ్లింది నాలుగుసార్లు, నాలుగుసార్లూ గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకుని, సంచిలో తెచ్చుకున్న సీసాలో నీళ్లే తాగి వచ్చేసింది.

"మా ఇల్లు నీట్‌గా ఉండదు పెద్దమ్మా" అంది పాప. ఎగతాళి కాదు, ముందే చెప్పాలి కదా అని చెప్పింది.

"ఉండకపోతే ఉండకపోనీ. నేను నిన్ను చూడ్డానికి వస్తాను."

"మా గ్లాసులోనే నీళ్లు తాగుతావా?"

"తాగుతాను."

"అన్నం కూడా మా ఇంట్లోనే తింటావా? మధ్యలో లేచి వెళ్లిపోతావా?"

"మీ ఇంట్లోనే తింటాను. లేచి వెళ్లను."

పాప ఆలోచించింది. శుద్ధమ్మ ఫోను చెవికి గట్టిగా అదుముకుంది.

"ఆదివారం పొద్దున నాకు డ్రాయింగ్ క్లాసుంది" అంది పాప చివరికి. "పదకొండు దాటాక రా. ముందొచ్చెయ్యకు పెద్దమ్మా, నేను ఇంట్లో ఉండను."